మలయా పర్మిట్టు రాకముందే మా అమ్మ బర్రెను కొనింది

నా చిన్నప్పుడు... ఒక మిట్టమధ్యాహ్నం సైకిలు మీద ఒకాయన వచ్చి మా వాకిట్లో దిగినాడు. ఖాకీ సంచీలోంచి కాగితాలు తీసి, "మలయాలో ఉండేది నీ మొగుడేనా అమ్మా?" అన్నాడు. అమ్మ తలుపు చాటునుంచి తలూపింది.

"ఆయన పేరేంది?"

అంతే... అమ్మ నోరు మూతబడింది.

అల్లూరుకి తూర్పున, సముద్రం హోరు ఇంట్లోకే వినిపించే ఊరు మాది. ఆ రోజుల్లో మా ఊరి ఆడవాళ్లు మొగుడి పేరు పలికేవాళ్లు కాదు. పలికితే ఆయన ఆయుష్షు తగ్గుతుందని గట్టి నమ్మకం. పోనీ అవ్వను అడుగుదామంటే ఆమెది ఇంకో చిక్కు. నాయనకు పెట్టింది వాళ్ల తాత పేరు... అంటే అవ్వకు మామ పేరు! అందుకని కన్నకొడుకుని కూడా "పెద్దోడా" అనే పిలిచేది. ఇంగ నేనా... ఇంట్లో ఎవరి నోటా రాని పేరు నాకు మాత్రం ఎట్ట తెలుస్తుంది? నాయనంటే నాయనే!

అమ్మ తిరుమల దిక్కుకు చెయ్యెత్తి దండం పెట్టింది, నుదుట నామం గీసి చూపించింది. ఆయన విసుక్కున్నాడు. "సైగలు పనికిరావమ్మా, నోటితో చెప్పాల. పేరే చెప్పలేనిదానివి, పెళ్లామని నేనెట్ట రాసేది?" అని సంచీ సర్దుకుని పోయినాడు.

నాయన సముద్రం అవతల మలయాలో రబ్బరు తోటలో పని చేసేవాడు. నేను చంకబిడ్డగా ఉన్నప్పుడు ఓడెక్కి పోయినాడు. మమ్మల్ని కూడా ఆడికి పిలిపించుకోవాలని అర్జీ పెట్టినాడు. ఈమె నిజంగా ఆయన భార్యేనా అని ఆ సైకిలాయన ఈడ విచారణ చేసి రాసి పంపాల. ఆ రాత లేక మా అర్జీ తిరిగి మొదటికొచ్చింది. పైగా నాయన ఉత్తరంలో ఇంకో మాట రాయించినాడు... పిల్ల పెద్దదైపోతే ఆ దేశంలోకి రానివ్వరంట! అప్పుడు అమ్మకు పర్మిట్టు వచ్చినా నేను ఈడే ఉండిపోవాల.

ఆ మాట విన్నప్పటినుంచి అవ్వకు నా పొడుగు మీదే కన్ను. "దానికి గుడ్డు పెట్టబాకే, సాగిపోతా ఉంది!" అనేది.

"అర్జీ కోసం బిడ్డను ఎండగడతామా అత్తా?" అని అమ్మ ఇంకో గుడ్డు వేసేది.

బావి దగ్గరికి పోతే చాలు, "ఇంగా పోలేదా?" అని ఒకటే అడగడం. నాకు ఒళ్లు మండేది. పోయుంటే నీ ముందు ఎట్ట నిలబడి ఉంటాం తల్లీ! అమ్మ మాత్రం నవ్వేది. "పిలుపొచ్చినప్పుడు పోతాం. అందాకా బతకాల గదా" అనేది.

బతకడమంటే ఉత్తుత్తి బతుకు కాదు... పోయేవాళ్లకు ఇల్లు ఎందుకని అందరూ అంటున్నా, కొత్త తాటాకు కప్పించింది. నన్ను బడిలో వేసింది. ఒకరోజు ఏకంగా బర్రెనే తోలుకొచ్చింది! అవ్వ నెత్తీనోరూ కొట్టుకునింది. "రేపో మాపో పోయేదానివి, నీకు బర్రె ఎందుకే?"

"ఆ రేపు వచ్చేదాకా పాలు తాగుతాం అత్తా."

అంత ధైర్యంగా మాట్లాడేదా... టపా మనిషి మా ఇల్లు దాటిపోయిన రోజున మాత్రం, పెట్టిందో లేదో మరిచిపోయి, ఆ బర్రెకు రెండోసారి కుడితి పెట్టేది.

ఏడాది గడిచింది. ఇంకో ఏడాది కూడా సగమైంది. నా పావడాలు పొట్టివైపోయినాయి. ఇంగ ఈ పిల్ల పని అయినట్టే అని ఊరంతా తేల్చేసినారు.

అప్పుడొచ్చినాడు మళ్లా విచారణకని ఇంకో పెద్దమనిషి, గొడుగేసుకుని. అదే ప్రశ్న. అవ్వ అరుగు మీదుంది. అమ్మ చేపలు తోముతా ఉండింది. చేతులు కడుక్కుని, తలుపు చాటుకు పోకుండా నేరుగా వాకిట్లోకి వచ్చి నిలబడింది.

"తిరుపాలు!" అనింది. వీధి వీధంతా వినపడింది. "నా మొగుడు తిరుపాలు. ఇది ఆయన బిడ్డ. మా ఇద్దరినీ రాసుకోండి సార్."

అయ్యబాబోయ్... అవ్వ ఇప్పుడు ఇల్లు ఎగరగొడుతుందని నేను గోడకు కరుచుకున్నా. అవ్వ అరుగు దిగొచ్చి, "రాసుకో నాయనా... తిరుపాలే. నేను కన్నోడే" అనింది. అన్నాక, మామ పేరు పలికినందుకు గబగబా లెంపలేసుకునింది పాపం.

ఆ సాయంత్రం అమ్మ పాలు పితకను కూర్చుని, చెంబు పక్కన పెట్టేసింది. "ఆయనకేమన్నా అయితే నా వల్లేనే" అనింది నాతో. ఆమె నోట అట్టాంటి మాట వినడం నాకు అదే మొదలు. నాకు భయమేసి ఏడ్చినా. నాయన దగ్గర్నుంచి మళ్లా ఉత్తరం వచ్చేదాకా ఆ ఇంట్లో ఎవరికీ కూడు సయించలేదు.

పర్మిట్టు వచ్చింది... ఇద్దరికీ! బర్రెను చిన్నాయన ఇంటికి తోలి, అవ్వనూ ఆయన దగ్గరే వదిలి, మేం మద్రాసులో ఓడెక్కినాం.

అవతల రేవులో నాయన నిలబడి ఉన్నాడు. చేతిలో ఎర్ర పూల గౌను. అర్జీ పెట్టిన రోజునే నాకోసం కొనిపెట్టుకున్నాడంట. నా భుజాలకు ఆనించి చూస్తే బొడ్డు కూడా దాటలేదు. అంత మనిషీ... అందరి ముందూ భోరుమన్నాడు.

అమ్మ ఆ గౌను తీసుకుని మడిచి సంచీలో పెట్టింది. "ఏడవబాకు. దీని తర్వాతదానికి పనికొస్తుందిలే, పద!" అనింది.

పనికొచ్చింది... మా చెల్లెలికి.

ఇప్పుడు మా మనవరాలు కూడా వేరే దేశంలో ఉండే మొగుడి దగ్గరికి పోను అనుమతి కోసం చూస్తా ఉంది. గంటకోసారి ఫోన్ తీసి చూస్తుంది, నిట్టూరుస్తుంది. ఆ అనుమతి వచ్చాక చూద్దామని చదువు ఆపింది, ఆఖరికి పడుకోను మంచం కూడా కొనుక్కోలేదు. మా అమ్మ ఉండుంటే నాలుగు తిట్టి ఉండును.

మీ ఇళ్లల్లోనూ ఇట్టా ఏళ్లకేళ్లు పిలుపు కోసం చూసినవాళ్లు ఉండే ఉంటారు... ఆ ఏళ్లల్లో వాళ్లు ఏం కొన్నారో, ఏం నాటినారో చెప్పండి. మా మనవరాలికి చదివి వినిపిస్తా.