మూసీ గడ్డి, నాదర్‌గుల్ గడ్డి

మొన్న దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కి పోతుంటే, రైలు మూసీ దాటే చోట ఒడ్డున ఏపుగా ఎదిగిన కిక్కిస గడ్డి కనిపించింది. పక్కనున్న మనవరాలు అది దోమలకు ఇల్లని ముక్కు చిట్లించింది. నాకు మాత్రం నా పెళ్ళి గుర్తొచ్చింది. నవ్వూ వచ్చింది.

మా పెద్దనాయన కర్మన్‌ఘాట్‌లో సన్నాయి వాయించేవాడు. సన్నాయి మూతికి తగిలించి ఊదే చిన్న పీకను ఈ గడ్డి కాడతోనే చేసుకునేవాడు. ఆ కాడలు ఆయనకు కృష్ణ ఒడ్డునుంచే రావాలి. మా ఇంట్లో కిరాయికున్న కోస్తా అత్తయ్య పుట్టింటికి వెళ్ళినప్పుడల్లా ఓ కట్ట తెచ్చిచ్చేది. అరవై తొమ్మిదిలో ప్రత్యేక తెలంగాణ గొడవలు ముదిరాక ఆవిడ మా అమ్మ చేతికి తాళంచెవి ఇచ్చి, కళ్ళు తుడుచుకుంటూ ఊరికి వెళ్ళిపోయింది. పెద్దనాయన దగ్గరున్న పీకలు ఒక్కొక్కటే చీలిపోయాయి. సరిగ్గా అప్పుడే నా పెళ్ళి కుదిరింది. ఈ బంద్‌లలో మేం రాలేమని బ్యాండువాళ్ళు చేతులెత్తేశారు. సన్నాయి లేకుండా తాళి కట్టించుకోవడమా అని నాకు ఒకటే దిగులు.

పెద్దనాయన మాత్రం పరేషాన్ కాలేదు. మన మూసీలో లేదా గడ్డి అంటూ ఉన్నవాటిలోకెల్లా లావుపాటి కాడలు ఏరి కోసుకొచ్చి, మిద్దె మీద ఎండబెట్టి పీకలు చేశాడు. నన్ను పెళ్ళికూతుర్ని చేసిన రోజు ఊదితే సన్నాయి దూడలా అరిచింది. కాసేపటికి పీక నాని, మెత్తబడి, మూసుకుపోయింది. ముత్తైదువలు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. నేను ఏడ్చాను.

"తాగినన్ని నీళ్ళు తాగి ఉరికురికి పెరిగింది బిడ్డా, దీంట్ల బలం లేదు. నీళ్ళకు మొకం వాచిన గడ్డి గావాలె" అన్నాడాయన.

తెల్లారగానే సైకిలేసుకుని నాదర్‌గుల్ వైపు పోయాడు. అక్కడ ఎండిన కుంట గట్టున, రాళ్ళ మధ్య, నిలువునా ఎండిపోయిన సన్నటి కాడలు దొరికాయట. చెక్కుతుంటే కత్తి మొద్దుబారింది. గీకి, నానబెట్టి, దారం చుట్టి, మళ్ళీ గీకి, పెళ్ళి పందిట్లోకి వచ్చేదాకా ఆయన అదే పనిలో ఉన్నాడు. తాళి కట్టే వేళకు సన్నాయి పలికింది. జలుబు చేసిన గొంతులా బొంగురుగా పలికింది, కానీ ఆగలేదు. పెద్దనాయన బుగ్గలు పగులుతాయేమో అని భయమేసింది. తల వంచుకుని వింటున్న నాకు అంత సంతోషం మళ్ళీ ఎప్పుడూ కలగలేదు.

గొడవలు చల్లారాక అత్తయ్య తిరిగొచ్చింది, కృష్ణ ఒడ్డు కాడల కట్టతో సహా. నా పెళ్ళి చూడలేకపోయానని చాలా బాధపడింది. పెద్దనాయన ఆ కాడలతో కొత్త పీక చేయబోతుంటే ఆవిడే ఆపింది.

"అన్నయ్యగారూ, అమ్మాయి పెళ్ళినాడు ఊదిందే ఊదండి. నేనూ వింటాను."

ఆయన ఆ నాదర్‌గుల్ పీకనే తగిలించాడు. ఆవిడ అరుగు మీద కూర్చుని, నా చేయి పట్టుకుని చివరిదాకా వింది.

తర్వాత ఎన్ని పెళ్ళిళ్ళలో ఎన్ని తీయటి సన్నాయిలు విన్నానో, అన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. ఆ ఏడాది బొంగురు గొంతొక్కటే ఇన్నేళ్ళ కాలంలోనూ నానిపోకుండా మిగిలింది.