ఒంటిగంటకు ముందు తీసిన స్క్రీన్‌షాట్

ఆ రక్తపరీక్షల ల్యాబులో ఆమెను వెనకాల అందరూ సాక్ష్యాలక్క అనేవారు. ఎదుటపడితే మాత్రం ఉత్త అక్కే. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకం మరి! పొద్దున ఏడు నుంచి ఒంటిగంట దాకా రిపోర్టులు ఎక్కించడం ఆమె పని. ఒంటిగంటకు అదే కంప్యూటరు ముందు చిన్నమ్మాయి వచ్చి కూర్చునేది. కుర్చీ దిగే ముందు అక్క ఒక్కరోజూ మానని పని ఒకటుంది. ఆ పూట ఎక్కించిన ప్రతి రిపోర్టునూ తెరిచి, స్క్రీన్‌షాట్ తీసి, తేదీ వేసి ఫోల్డరులో దాచేది. తర్వాత ఎవరైనా వేలు పెట్టి మారిస్తే అది తన నెత్తికి చుట్టుకోకూడదని.

ఈ జబ్బు ఊరికే రాలేదు లెండి. పాత ఉద్యోగంలో యజమాని "ఈ తేదీ మార్చమ్మా, ఏం కాదు" అని నోటిమాటగా చెప్పి, తీరా గొడవయ్యేసరికి "నేనెప్పుడన్నాను?" అన్నాడు. నలుగురి ముందు అబద్ధాలకోరు అనిపించుకుని, ఏడుస్తూ ఇంటికొచ్చింది. అప్పట్నుంచి మనుషుల మాటలు నమ్మడం మానేసింది. ఇంట్లోనూ అంతే. మొగుడు "సాయంత్రం తొందరగా వస్తా" అని మెసేజ్ పెడితే దానికీ స్క్రీన్‌షాటే.

"తల్లీ, నేను నీ మొగుణ్ణి, ముద్దాయిని కాను," అని మొత్తుకునేవాడాయన.

"ముద్దాయిలందరూ ఎవరో ఒకరి మొగుళ్ళేలే," అనేది ఈవిడ.

చిన్నమ్మాయి మీద ఆమెకు మొదట్నుంచీ గురి లేదు. చప్పుడు చేయకుండా నడుస్తుంది. ఏం అడిగినా ముందు నవ్వి, తర్వాత జవాబు చెబుతుంది. అలా నవ్వేవాళ్ళ కడుపులో ఏముంటుందో ఎవరికి తెలుసు?

అంతలో ఒక గురువారం కొంప మునిగింది. మంగళవారం ఇచ్చిన రిపోర్టులో ఒకావిడ రక్తం గ్రూపు బి పాజిటివ్‌కు బదులు ఓ పాజిటివ్ అని పడింది. ఆసుపత్రివాళ్ళు మళ్ళీ పరీక్ష చేసి పట్టుకున్నారు కాబట్టి సరిపోయింది. ఉదయం ఎక్కించింది అక్క. మధ్యాహ్నం తెరిచి ప్రింటు తీసింది చిన్నమ్మాయి. మధ్యలో ఎవరు మార్చారో ఆ ప్రోగ్రాము చెప్పదు.

ల్యాబు నడిపే డాక్టరుగారు ఇద్దర్నీ పిలిచారు. "అక్క పదకొండేళ్ళుగా ఉన్నారు, ఒక్క తప్పు లేదు. చిన్నమ్మాయీ, సాయంత్రంలోగా సంగతి తేలకపోతే రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు."

"నేను ముట్టుకోలేదు సార్," అంది చిన్నమ్మాయి. దాని మొహం పాలిపోయింది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడమంటే ఇదే, అనుకుంది అక్క.

అక్క టీ తాగి లోపలికొచ్చేసరికి చిన్నమ్మాయి కంప్యూటరు ముందుంది. అక్కను చూడగానే ఏదో గబుక్కున మూసేసింది.

"ఏం చూస్తున్నావ్?"

"ఏం లేదక్కా," అంటూ ఫోను సంచిలో వేసుకుని లేచిపోయింది.

చూశారా, ఎంత తొందరో! సాక్ష్యం మాయం చేయబోయిందేమోనని అక్కకు ఒళ్ళు మండింది. కూర్చుని తన ఫోల్డరు తెరిచింది. మంగళవారం స్క్రీన్‌షాట్‌లన్నీ ఉన్నాయి, హమ్మయ్య. ఆ పేషెంటు రిపోర్టు బొమ్మ తెరిచింది. ఇక ఈ పిల్ల పని అయిపోయినట్టే.

ఓ పాజిటివ్.

కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూసింది. ఓ పాజిటివ్వే. కింద మూలన గడియారం పన్నెండూ యాభై. ఆ వేళకు చిన్నమ్మాయి ఇంకా బస్సులోనే ఉంటుంది. తప్పు కొట్టింది తనే. కొట్టి, తన చేత్తో తనే ఫోటో తీసి భద్రంగా దాచుకుంది!

వేలు డిలీట్ మీట మీదికి పోయింది. ఈ బొమ్మ ఒక్కటీ పోతే అడిగేవాడు లేడు. చిన్నమ్మాయికి ఇంకోచోట పని దొరుకుతుంది, వయసుంది. తనకెవరిస్తారు ఈ వయసులో? పావుగంట అలాగే కూర్చుంది. పాత యజమాని గొంతు చెవిలో మోగింది, "నేనెప్పుడన్నాను?" అని. ఛీ, అనుకుంది. బొమ్మను ప్రింటు తీసి డాక్టరుగారి బల్ల మీద పెట్టింది.

"తప్పు నాదే సార్."

ఆయన కాగితం చూసి పక్కన పెట్టారు. "రేపట్నుంచి మీరు కంప్యూటరు ముట్టుకోవద్దు. శాంపిళ్ళు తీసుకునే కౌంటరు చూసుకోండి," అన్నారు. చిన్నమ్మాయిని పిలిచి, నీ తప్పు లేదని చెప్పి పంపారు.

వరండాలో చిన్నమ్మాయి ఎదురొచ్చింది. కళ్ళు తుడుచుకుంటోంది. "మీరే చెబుతారేమోనని సాయంత్రం దాకా ఆగుదామనుకున్నానక్కా. మీ ఫోల్డరులో ఆ బొమ్మ ఇందాకే చూశా. తీసేస్తారేమోనని నా ఫోన్లో ఫోటో తీసుకున్నా."

"నేను తీసేస్తానా?" అక్క గొంతు లేచింది. "ఇన్నాళ్ళుగా చూస్తున్నావు, నా మీదే అనుమానమా?"

"అదే ఫోల్డరులో నా పేరుతో మీరు దాచిన బొమ్మలు నలభై ఉన్నాయక్కా. కంప్యూటరు ఆపకుండా నేను వెళ్ళిపోయిన రోజు కూడా ఉంది."

అక్క తల దించుకుంది.

"ఆ ఫోటో ఉంచుకో. తీసేసేదాన్నే," అంది.