అమ్మమ్మ గోడ, మావయ్య సిమెంటు

ఈ లోకంలో కిందికి జారకుండా నిలబడ్డవి మూడే మూడు: సూర్యుడు, చంద్రుడు, మా అమ్మమ్మ కట్టిన గోడ. మొదటి రెండింటికి నేను పూచీ పడను. గోడ విషయంలో మాత్రం ఎవరితోనైనా పందెం కాస్తాను. "ఆఫీసరు గారి పెరట్లో ఒకటి కూలిందిగా" అని ఎవరైనా సాగదీస్తారేమో, కూర్చోండి, చెప్పబోయేది దాని సంగతే.

మా అమ్మమ్మది రాతిపని. ముప్పై ఏళ్ళు తాతయ్య పక్కన నిలబడి రాళ్ళు అందించింది. అందించడమంటే ఊరికే చేతిలో పెట్టడం కాదు. ఏ రాయి ఎక్కడ కూర్చుంటుందో చూసి, ఎటు తిప్పాలో అటు తిప్పి మరీ ఇచ్చేది. తాతయ్య దాని నెత్తిన రెండు దెబ్బలు వేసి మేస్త్రి అనిపించుకునేవాడు. ఆయన పోయాక ఆ పిలుపు ఇంటిపేరు దిగినట్టు మా మావయ్యకి దిగింది. అమ్మమ్మ మాత్రం అందరికీ "ముసలమ్మే". కళ్ళజోడు విరిగితే దారంతో కట్టుకునే ఆ మనిషి, అరవై రెండేళ్ళ వయసులో ఒక పని ఒప్పుకుని, ఆ సాయంత్రమే తనకంటూ కొత్త తాపీ కొనుక్కుంది. ఒక్క గోడైనా తన గోడ అనిపించుకోవాలని ఆవిడకెంత ఉందో నాకప్పుడు తెలిసింది.

ఆ పని ఒక రిటైరైన ఆఫీసరు గారిది. ఇంటి వెనక ఉన్నది పెరడు కాదు, జారుడుబల్ల. వంటింటి తలుపు తీస్తే ఎదురుగా మట్టి నిలువునా లేచి ఉండేది. మేకైనా కాసేపు ఆలోచించుకునే ఎక్కాలి. రెండు పక్కలా పొరుగిళ్ళ గోడలు, మధ్యలో సందు లేదు. మిషను రాదు, బండి రాదు. నలుగురు మేస్త్రీలు వచ్చి, తలెత్తి చూసి, మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయారు. వాళ్ళలో మావయ్య ఒకడు. "నా నడుము నాక్కావాలి" అన్నాడు.

అమ్మమ్మని చూసి ఆఫీసరు గారు, "మేస్త్రి ఏడీ?" అన్నారు.

"ఎదురుగా నిలబడితే కనిపించట్లేదా బాబూ?" అంది.

రాయి, ఇసుక, సిమెంటు అన్నీ ముందుగదిలోంచి, సోఫా పక్కనుంచి, వంటింట్లోంచి వెళ్ళాలి. నేల మీద గోనెపట్టాలు పరిచారు. నేనూ ఇంకొకావిడా మోసేవాళ్ళం. ఫ్రిజ్ దగ్గర ఊపిరి బిగబట్టి పక్కకి తిరిగేవాళ్ళం. దానికి గీత పడితే మేమిద్దరం అమ్ముడుపోయినా చాలదు. పైనుంచి అమ్మమ్మ కేకలు.

"ఒసేయ్, అది కాదే, దాని పక్కది! ఇన్నేళ్ళొచ్చాయి, రాయి మొహం గుర్తుపట్టలేవా?"

"నీ మొహం చూసి చూసి అన్నీ ఒకేలా కనిపిస్తున్నాయి అమ్మమ్మా."

"దిగొచ్చానంటే నీ మొహం నువ్వే గుర్తుపట్టలేవు."

నాలుగు నెలలకి ఆ వాలు మూడు అంచెలైంది. ఒక్కో అంచెకి మట్టిని ఆపే రాతిగోడ, పక్కన మెట్లు, పైన చదును. గోడల్ని నిటారుగా లేపలేదు, కొండ వైపుకి కాస్త వాల్చింది. వెనక కంకర నింపి, గోడలో బారెడుకొకటి చొప్పున పైపు ముక్కలు పెట్టి కన్నాలు వదిలింది. లోపలి నీళ్ళు వాటిలోంచి పోవాలి. దారి లేకపోతే తడిసిన మట్టి గోడని నెట్టేస్తుంది. ఆఖరి రోజున ఆఫీసరు గారు మెట్లెక్కి పైదాకా చూసి, "బాగా కట్టావు మేస్త్రమ్మా" అన్నారు. ఆ సాయంత్రం బస్సులో ఎవరో లేచి చోటిస్తే అమ్మమ్మ కూర్చోలేదు. నిటారుగా నిలబడే వచ్చింది.

తొలి వాన పడగానే కన్నాల్లోంచి ఎర్రనీళ్ళు కారి, కింద కొత్తగా పరిచిన తెల్ల బండల మీద చారలు పడ్డాయి.

"ఏంటమ్మా, గోడకి జలుబు చేసిందా?" అని ఆఫీసరు గారు ఫోన్ చేశారు.

"కారనివ్వండి బాబూ. కారినన్నాళ్ళూ దానికి ఏ రోగమూ లేనట్టే."

ఆయనకి నచ్చలేదు. చుట్టాలొచ్చే రోజు దగ్గర పడుతోంది. అమ్మమ్మకి చెప్పకుండా మావయ్యని పిలిపించారు. మావయ్య ఒక ఆదివారం వెళ్ళి కన్నాలన్నీ సిమెంటుతో మూసి, రాతిరంగు పూసి వచ్చాడు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

నెల తిరక్కుండా మూడు రోజులు ఏకధాటిగా వాన పట్టింది. నడిమి గోడ కడుపు ఉబ్బినట్టు ఉబ్బి, మధ్యాహ్నం పూట కూలింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. బురద వంటింటి గడప దాకా వచ్చింది. మేం వెళ్ళేసరికి మావయ్య అక్కడే ఉన్నాడు. పొరుగాయన గోడ మీంచి తొంగిచూసి, "ఆడమనిషితో కట్టించుకుంటే ఇంతేనండీ" అన్నాడు.

అమ్మమ్మ బురదలోకి దిగి ఒక రాయి తిప్పింది. పైపు మూతి నిండా సిమెంటు. దాని మీద తాపీ కుడి నుంచి ఎడమకి లాగిన గీత. మాకు తెలిసినవాళ్ళలో ఎడమచేత్తో తాపీ పట్టేది మావయ్య ఒక్కడే. ఆ చేతికి పని నేర్పింది ఆవిడే.

ఆఫీసరు గారు గొంతు తగ్గించి మావయ్యని అడిగారు. "కన్నాలు మూయించినందుకు కాదు కదా?"

"ఛ, దానికీ దీనికీ సంబంధమేంటి సార్? పునాదిలోనే ఉంది లోపం. అమ్మకి వయసైపోయింది, నేను చెప్తూనే ఉన్నాను."

నేను నోరు తెరిచాను. అమ్మమ్మ నా జబ్బ పట్టుకుని గిల్లింది. మావయ్యకి అదే వీధిలో ఇంకో రెండిళ్ళ పని అప్పుడే కుదిరింది. ఆవిడ రాయిని బురదలో బోర్లా పెట్టి, "నాదే తప్పు బాబూ" అంది.

గోడ మళ్ళీ కట్టే పని మావయ్యకే ఇచ్చారు. రాళ్ళు మోయడానికి అమ్మమ్మ వెళ్ళింది! తను కట్టిన గోడకే, కొడుకు కింద కూలిగా, తలమీద తట్టతో అదే ఫ్రిజ్ పక్కనుంచి.

"సిగ్గు లేదా నీకు? ఎందుకెళ్తున్నావ్?" అని అరిచాను.

"నేను లేకపోతే వాడు నిటారుగా లేపుతాడే. మళ్ళీ పడుతుంది."

ఈసారి మావయ్య బారెడుకొక కన్నం వదిలాడు. "నీళ్ళు పోవాలి కదా సార్, అనుభవం మీద తెలుస్తాయి ఇవన్నీ" అన్నాడు. ఆఫీసరు గారు పొంగిపోయి, "అదీ మేస్త్రి అంటే!" అన్నారు. అమ్మమ్మ వంటింటి గుమ్మంలో ఒక్క క్షణం ఆగి, తట్ట సర్దుకుని మెట్లెక్కింది. ఇప్పుడా వీధిలో ఎవరినడిగినా అది మావయ్య గోడ.

తొమ్మిదో తరగతిని రెండుసార్లు చదివి కూడా అక్కడే ఆగిన నేను, నాకొచ్చిన అక్షరాలతో ఇదంతా రాసి నిన్న ఆవిడకి చదివి వినిపించాను. అయ్యాక, "మావయ్య సంగతి కొట్టేయనా అమ్మమ్మా?" అని అడిగాను.

"వాడి పొట్ట కొట్టకూడదని నేను నోరు మూసుకున్నాను. నిన్నెవరే మూసుకోమన్నది?"