తాడు మీద మా పెళ్ళి కవరు

ఇరవై ఏళ్ళ కిందట, నోరు తప్ప వేరే ఆస్తి లేని వయసులో, లోకంలోని తప్పులన్నీ ఎదుటివాళ్ళే చేస్తారని నాకు గట్టి నమ్మకం ఉండేది. (ఇప్పటికీ ఉంది. ఒక్క మినహాయింపు చేర్చుకున్నాను, అంతే.) కొత్తగా పెళ్ళై, గన్నవరం వెళ్ళే దారిలో మా అత్తవారి ఊరి హైస్కూల్లో తాత్కాలిక టీచరుగా చేరిన రోజులవి. తాత్కాలికం అన్న మాటను హెచ్చెమ్ గారు రోజుకి రెండుసార్లు గుర్తుచేసేవారు. నేను మాత్రం అది విననట్టే తొమ్మిదో తరగతి ఆడపిల్లలకి చెత్త మీద ఉపన్యాసాలు దంచేదాన్ని. బడి వెనకే కాలువ. ఊరి చెత్తా, బడి చెత్తా అందులోకే. నీళ్ళున్నంత కాలం అది కింది ఊరికి కొట్టుకుపోయేది, మన కంటికి కనపడకపోతే లేనట్టే లెక్క.

ఏప్రిల్లో కాలువకి నీళ్ళు కట్టేశారు. నీరు తీసేసరికి అడుగున ఊరంతా కనిపించింది. పిల్లలు దోటీలు తెచ్చి, బురదలోంచి కవర్లు లాగడం మొదలుపెట్టారు. వాళ్ళ నాయకురాలిని అందరూ మైకు అని పిలిచేవారు. (గుసగుస చెప్పినా రోడ్డు దాకా వినిపించేది.) మా వైపు ఏ శుభకార్యమైనా తాంబూలం కవరు మీద ఇంటివాళ్ళ పేర్లు అచ్చు వేయించకపోతే ఆ కార్యం జరిగినట్టే కాదు. ప్లాస్టిక్కుకి చావు లేదు కనక, కడిగితే పేర్లు నిగనిగలాడాయి. మైకు బృందం రోడ్డువైపు ప్రహరీ పొడుగునా తాడు కట్టి, ఇంటికొకటి చొప్పున కవర్లు ఆరేసి, కింద సుద్దముక్కతో రాసింది: "మీ వస్తువు దొరికినది. వచ్చి తీసుకొనగలరు." నేను గర్వంతో పొంగిపోయాను. ఆ పొంగు మర్నాటి దాకా ఉంది. మర్నాడు ఒడ్డున కుప్పలో ఇంకో కవరు కనిపించింది. దాని మీద నా పేరూ, మా ఆయన పేరూ, మా పెళ్ళినాటి సత్యనారాయణ వ్రతం ముహూర్తంతో సహా.

వ్రతానికి మిగిలిపోయిన కవర్లలో మా అత్తగారు వంటింటి చెత్త మూటగట్టేవారు. ఆ మూట రోజూ ఎక్కడికి వెళ్తోందో ఉపన్యాసకురాలు ఏనాడూ అడగలేదు. ఎవరూ చూడట్లేదనుకుని ఆ కవరు మడిచి హ్యాండుబ్యాగులో కుక్కేశాను.

ఆ మధ్యాహ్నమే పంచాయతీ ప్రెసిడెంటు గారు వచ్చారు. తాడు మీద మొట్టమొదటిది ఆయన గృహప్రవేశం కవరు. వెనకే హెచ్చెమ్ గారు చెమటలు తుడుచుకుంటూ, నాతో, "ఏమ్మా, ఉద్యోగం చేసుకుందామని వచ్చేరా, ఊరి పరువు తాడు మీద ఆరేద్దామని వచ్చేరా? సాయంత్రంలోగా తీయించకపోతే రేపట్నించి రానక్కర్లేదు" అన్నారు. ప్రెసిడెంటు గారు మర్యాదస్తులు, వాదన పెట్టారు. "భోంచేసెళ్ళినోళ్ళు ఎక్కడో పారేస్తే నన్నంటారేంటండీ?"

మైకు చేతులు కట్టుకుని, "మిమ్మల్ని మేమేం అన్లేదండి. పేరు మీరేయించుకున్నదే కదండి" అంది.

హెచ్చెమ్ గారు నావైపు చూశారు. నేను బ్యాగు వెనక్కి జరుపుకున్నాను. బ్యాగు అడుగునుంచి బురదనీరు నా చెప్పు మీద కారుతోంది. అప్పుడా పిల్ల నా దగ్గరికొచ్చి, తన గుసగుసలో అడిగింది: "మేడమ్ గారండీ, బ్యాగులోది కూడా ఎయ్యమంటారాండి?"

రోడ్డు మీద పోయేవాళ్ళు కూడా ఆగారు. ఇంక దాచడానికేముంది? కవరు తీసి, దులిపి, ప్రెసిడెంటు గారి కవరు కంటే ముందు, నా చేత్తోనే తగిలించాను. "తీయాలంటే ముందు నాది తీయాలండి. నేను తీయను, పిల్లల్ని తీయనివ్వను. ఉద్యోగం మీదే, ఉంచుకోండి" అన్నాను. ప్రెసిడెంటు గారు కళ్ళజోడు పెట్టుకుని కవరంతా చదివారు. "మీ ఆయన పేరు మీద బురదన్నా తుడవకపోయేరా" అన్నారు చివరికి. కళ్ళజోడు జేబులో పెట్టుకుని వెళ్ళిపోయారు. తాడు సెలవుల దాకా ఉంది. ఇంటి దగ్గర అత్తగారు, "మీ మావగారు నా పేరేయించనందుకు ఇన్నాళ్ళకి సంతోషించేను" అన్నారు, మూట కట్టడం మాత్రం మానేశారు. సెలవులయ్యాక ఊళ్ళోకి చెత్తరిక్షా వచ్చింది. బడిలోకి మాత్రం నేను రాలేదు, నన్ను మళ్ళీ తీసుకోలేదు. ఆ రెండిట్లో ఏదో ఒకటే ఎంచుకోమన్నా రిక్షానే ఎంచుకునేదాన్ని. (ఈ మాట మా ఆయనకి నేటికీ అర్థం కాదు.)

మొన్న మా అమ్మాయి ఓణీల ఫంక్షనుకి గుడ్డ సంచులు కుట్టిస్తుంటే, ఈ రోజుల్లో పేర్లెందుకన్నారు మా ఆయన. వేయించాల్సిందే, పెద్ద అక్షరాల్లో, ఇంటి నంబరుతో సహా అన్నాను. ఎక్కడ పారేసినా తిన్నగా నా గుమ్మానికే రావాలి. మైకు కూడా వచ్చింది, ఇద్దరు పిల్లల తల్లి. సంచి అందుకుని, పేర్లు చదువుకుని, పందిరంతా వినపడేలా గుసగుసలాడింది: "తాడు కట్టించేరాండి, మేడమ్ గారూ?" నాకు తెలియకుండానే చంకలోని బ్యాగు గట్టిగా నొక్కి పట్టుకున్నాను.