తలుపు మళ్ళీ మూయించిన రోజు

అది 2023 మే నెల. అప్పటికే నేను విజయవాడలో లిఫ్టుల సర్వీసు పనిలో చాలా ఏళ్ళుగా ఉన్నాను. కొత్త లిఫ్టులు బిగించేవాళ్ళు వేరు. వాళ్ళు బిగించి వెళ్ళిపోయాక దాని మంచిచెడ్డలు చూసుకోవాల్సింది మాలాంటి వాళ్ళు. నెలకోసారి వెళ్ళి, గ్రీజు పెట్టి, బ్రేకు చూసి, తాళ్ళు చూసి రావడమే పని. ఏమీ జరక్కపోతే మమ్మల్ని ఎవరూ తలుచుకోరు. ఏదైనా జరిగితే మాత్రం తలుచుకోని వాళ్ళుండరు.

బెంజ్ సర్కిల్‌కి దగ్గరలో ఒక పాత ఐదంతస్తుల అపార్ట్‌మెంటు నా చేతిలో ఉండేది. అక్కడి సెక్రటరీ గారు ప్లంబరునీ ఎలక్ట్రీషియన్‌నీ చేర్చినట్టే నన్నూ వాళ్ళ వాట్సాప్ గ్రూపులో చేర్చారు. అందులో లిఫ్టు ఊసు వచ్చేది ఎప్పుడో ఒకసారి. మిగతాదంతా వాళ్ళ సంసారాలు. మిక్సీ బ్లేడు ఎక్కడ సాన పెడతారు, కుక్కర్ మాడు ఎలా వదులుతుంది, పాత బీరువా ఎవరికైనా కావాలా, రేపు పాలవాడు రాడు, మా కుండీలో కరివేపాకు కోసుకెళ్ళండి. గ్రూపు గోల భరించలేక మోత ఆపేశానే గానీ, ఖాళీ దొరికితే చదివేవాణ్ణి. మా ఇంట్లో సింకు ఇప్పటికీ తళతళలాడుతోందంటే ఆ గ్రూపు చలవే.

ఆ గ్రూపుకి పెద్దదిక్కు మూడో అంతస్తు లక్ష్మీకుమారి గారు. ఎవరు ఏది అడిగినా మొదటి జవాబు ఆవిడదే. అడక్కపోయినా ఆవిడదే. ఒకసారి లిఫ్టు తలుపు కిర్రుమంటోందని ఎవరో రాస్తే, కొబ్బరినూనె పొయ్యమని ఆవిడ సలహా ఇచ్చారు. నేను పరుగెత్తుకెళ్ళేసరికి వాచ్‌మన్ సీసా మూత తీసి రెడీగా ఉన్నాడు. అప్పట్నుంచి ఆవిడంటే నాకు కొంచెం కోపం, కొంచెం భయం.

ఆ సాయంత్రం ఇబ్రహీంపట్నంలో పని ముగించుకుని బండి తీశానో లేదో ఈదురుగాలి మొదలైంది. దుమ్ము లేచి రోడ్డు కనబడలేదు. వెనకే వాన. ఒక టీకొట్టు రేకుల కింద నిలబడి, టీ చెప్పి, ఊరికే గ్రూపు తెరిచాను.

"కరెంటు పోయింది. లిఫ్టులో ఎవరో అరుస్తున్నారు." "నాలుగో ఫ్లోర్ షాహీన్." "జనరేటర్ వెయ్యండి." "అందులో డీజిల్ లేదు." "తలుపు తీసి లాగేయండి, మా తమ్ముడు వాళ్ళ అపార్ట్‌మెంట్లో అలాగే తీశారు." ఇలా పుంఖానుపుంఖాలుగా ఉన్నాయి. నాకు ఫోన్ మాత్రం ఒక్కరూ చెయ్యలేదు. ఇంకెవరో చేసే ఉంటారని ప్రతివాళ్ళూ అనుకున్నారట.

షాహీన్ నాకు తెలుసు. ఆటోనగర్‌లో స్పేర్ పార్టుల షాపున్న రఫీ భార్య. ఆ అమ్మాయికి అప్పుడు ఎనిమిదో నెల.

అంతలో లక్ష్మీకుమారి గారు ఒక ఫోటో పెట్టారు. లిఫ్టు మూడు, నాలుగు అంతస్తుల మధ్య ఆగిపోయి ఉంది. మూడో అంతస్తులో బయటి తలుపు బార్లా తీసి ఉంది. లిఫ్టు అడుగుభాగం మనిషి ఛాతీ ఎత్తులో ఉంది. ఆ అంచు మీద షాహీన్ కాళ్ళు కిందకి వేలాడేసి కూర్చుంది. ఆమె కాళ్ళ ముందు ఒక ప్లాస్టిక్ స్టూలు. ఫోటో కింద "దింపుతున్నాం" అని రాసి ఉంది.

ఆ ఫోటోలో వాళ్ళెవరూ చూడనిది నాకు కనబడింది. లిఫ్టు అడుగుకీ మూడో అంతస్తు నేలకీ మధ్య ఉన్నది ఉత్త ఖాళీ. దాని వెనక లిఫ్టు తిరిగే గొయ్యి, అట్టడుగున మేము పిట్ అనే సిమెంటు గుంట. దిగే మనిషి కాలు జారి ఒళ్ళు లోపలి వైపు ఒరిగితే పట్టుకోవడానికి ఏమీ ఉండదు. సగంలో ఆగిన లిఫ్టులోంచి మనిషిని లాగకూడదని మా పనిలో కొత్తగా చేరినవాళ్ళకి అన్నిటికంటే ముందు చెప్పేది అందుకే.

ఆవిడకే ఫోన్ కొట్టాను.

"లక్ష్మీకుమారి గారూ, స్టూలు తీసెయ్యండి. ఆ అమ్మాయిని లోపలికి జరిగి కూర్చోమనండి. ముందు ఆ పని చెయ్యండి, నన్ను తర్వాత తిడుదురు గాని."

"ఎవరయ్యా నువ్వు?"

"లిఫ్టు ప్రసాదునండి. స్టూలు వెనకాల టార్చి వేసి కిందకి చూడండి."

టార్చి తెమ్మని ఎవరికో చెప్పడం వినబడింది. తర్వాత "అమ్మో" అన్నారావిడ. ఆవిడ గొంతు అంత సన్నగా పలకడం నేనెప్పుడూ వినలేదు. వెంటనే స్టూలు ఈడ్చిన చప్పుడు. "షాహీనూ, వెనక్కి జరుగు తల్లీ, కదలకు!" అని కేక.

ఫోను స్పీకర్‌లో పెట్టమన్నాను. రఫీ గొంతు వినబడింది. "మరి ఎట్లా తియ్యాలన్నా? ఊపిరాడట్లేదంటోంది!"

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆ లిఫ్టుకి ఎ.ఆర్.డి. అనే ఏర్పాటు ఉంది. కరెంటు పోతే బ్యాటరీ మీద లిఫ్టుని మెల్లగా దగ్గర్లో ఉన్న అంతస్తుకి చేర్చే పెట్టె అది. మామూలుగా అయితే కాసేపట్లోనే అది పని మొదలుపెట్టాలి. ఎందుకు పెట్టలేదో నాకు అర్థం కాలేదు.

"అమ్మా షాహీన్, కరెంటు పోగానే ఏం చేశావు?" అనడిగాను.

"చీకటైపోయింది అన్నయ్యా. భయమేసి గేటు లాగేశా" అంది ఏడుస్తూ.

అప్పుడు అర్థమైంది. పాత లిఫ్టుల్లో లోపలి వైపు పక్కకి లాగే ఇనపగేటు ఉంటుంది. అది వేలెడు తెరుచుకున్నా సేఫ్టీ సర్క్యూట్ తెగిపోతుంది. అంటే తలుపులన్నీ మూసి ఉంటే తప్ప మోటారుకి కదిలే అనుమతి ఉండదు. లోపల ఆమె గేటు తీసింది, బయట వీళ్ళు తలుపు తీశారు. వీళ్ళు సాయం చేస్తున్నంతసేపూ లిఫ్టు కదిలే వీల్లేదు.

"రఫీ గారూ, లోపలి గేటు పూర్తిగా వేసెయ్యమనండి. బయటి తలుపు మీరు మూసెయ్యండి."

"ఏం మాట్లాడుతున్నావన్నా? కడుపుతో ఉన్న మనిషిని ఆ చీకట్లో పెట్టి తలుపెయ్యమంటావా? నీ ఇంట్లోవాళ్ళైతే వేస్తావా?"

కోపంగా అరిచాడు. నాకు కోపం రాలేదు. అతని స్థానంలో ఉంటే నేను ఇంకా గట్టిగా అరిచేవాణ్ణి. గేటు సందుల్లోంచి, పైన ఫ్యాను కంతలోంచి గాలి వస్తూనే ఉంటుందనీ, లిఫ్టు ఒక్క తాడు మీద వేలాడదనీ చెప్పాను. అతను వినే స్థితిలో లేడు. చుట్టూ తలా ఒక మాట. వానకి నాకు సగం వినబడటం లేదు.

ఆ గోలలోంచి షాహీన్ అడిగింది. "అన్నయ్యా, ఇది పడిపోదు కదా?"

"పడదమ్మా."

"అయితే ఏమండీ, మూసెయ్యండి. ఇలా కూర్చోవడం నా వల్ల కావట్లేదు."

గేటు జరిగిన చప్పుడు, బయటి తలుపు పడిన చప్పుడు వరసగా వినబడ్డాయి. నేను రఫీని నాలుగో అంతస్తుకి వెళ్ళి నిలబడమన్నాను. ఇక్కణ్ణించి కదలనన్నాడు. లిఫ్టుకి రెండో వైపు కౌంటర్ వెయిట్ అని ఇనప దిమ్మల బరువు వేలాడుతుంటుంది. లోపల ఒక్కరే ఉంటే ఆ దిమ్మలే ఎక్కువ బరువు, కాబట్టి లిఫ్టుకి పైకి పోవడమే తేలిక. "ఆమె వచ్చేది మీ గుమ్మం ముందుకేనండి. తలుపు తెరిచేసరికి మీ మొహం కనబడాలి. వెళ్ళండి" అన్నాను. మెట్ల మీద అడుగులు దడదడలాడాయి.

అప్పుడు మొదలైంది నా అసలు భయం. బ్యాటరీ ఇంతసేపు నిలిచిందా? పోయిన సర్వీసులో చూశాను, బాగానే ఉంది. అయినా మనసు ఊరుకోదుగా. అంతకంటే పెద్ద భయం, ఆ చీకట్లో ఆ పిల్ల మళ్ళీ గేటు లాగుతుందేమోనని. లాగిందా, మళ్ళీ మొదటికే.

"మాట్లాడండి ఆమెతో. ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉండండి" అన్నాను లక్ష్మీకుమారి గారితో.

ఏం మాట్లాడాలని ఆవిడ నన్నడగలేదు. "షాహీనూ, నేనిక్కడే తలుపు దగ్గరే ఉన్నా. పొద్దున గ్రూపులో అడిగావుగా, కందిపప్పుకి పురుగు పడుతోందని. చెప్తా విను. చేతులు ఒళ్ళో పెట్టుకుని విను!"

లోపల్నుంచి సన్నగా వినబడింది. "చెప్పండి ఆంటీ."

"ముందు పప్పు మంచి ఎండలో పొయ్యి. సాయంత్రం చల్లారాక ఆముదం చేతికి రాసుకుని పప్పంతా కలుపు. ఎక్కువ పోసేవు, జిడ్డోడుతుంది. అరచెయ్యి మెరిస్తే చాలు. విన్నావా?"

"విన్నానాంటీ."

"ఏం విన్నావో చెప్పు?"

ఆ అమ్మాయి ఏడుపు గొంతుతోనే ఎండా, ఆముదం, అరచెయ్యీ అప్పజెప్పింది. అప్పజెబుతుండగానే ఫోన్లో సన్నగా గుయ్యిమన్న మోత వినబడింది. ఆ మోత నాకు నా పిల్లల గొంతు తెలిసినంత బాగా తెలుసు.

"ఆంటీ, కదుల్తోంది!"

"కదలనీ! నువ్వు విను. డబ్బాకి తడి ఉండకూడదు, ఎండుమిరపకాయలు నాలుగు వెయ్యి..." ఆవిడ ఇంకా చెప్తూనే ఉన్నారు. అంతలో పై అంతస్తు నుంచి రఫీ అరుపు వినబడింది. ఏమన్నాడో నాకు తెలియలేదు. తర్వాత జనమంతా మెట్లెక్కుతున్న చప్పుడు. ఫోను ఎవరి చేతిలో ఉందో కూడా తెలియలేదు. చాలాసేపటికి లక్ష్మీకుమారి గారు ఆయాసపడుతూ, "ప్రసాదూ, పిల్ల వచ్చేసిందయ్యా" అని భోరుమన్నారు.

నేను టీకొట్టు బల్ల మీద కూలబడ్డాను. కళ్ళ నీళ్ళు ఆగలేదు. కొట్టాయన కంగారుగా, "ఏమైందండీ, ఇంట్లో ఎవరికైనా బాగాలేదా?" అన్నాడు. "లేదండీ, లిఫ్టు పైకొచ్చింది" అన్నాను. ఆయన నా వైపు అదోలా చూసి, చల్లారిన టీ పారబోసి వేడిది ఇచ్చాడు. అంత హాయిగా టీ తాగిన రోజు నాకు గుర్తులేదు.

వాన తగ్గాక నేను అక్కడికి చేరేసరికి షాహీన్‌ని హాస్పిటల్‌లో చూపించి తీసుకొచ్చేశారు. తల్లీ బిడ్డా క్షేమం అన్నారట. రఫీ నన్ను కావలించుకుని, అరిచినందుకు ఏమీ అనుకోవద్దన్నాడు. తర్వాతి నెలలో వాళ్ళకి పాప పుట్టింది. గ్రూపులో ఫోటో పెడితే మొట్టమొదటి సలహా ఎవరిదో చెప్పక్కర్లేదు. లక్ష్మీకుమారి గారి మీద నా కోపం ఆ సాయంత్రంతోనే పోయింది. లిఫ్టుని నాలుగో అంతస్తుకి చేర్చింది బ్యాటరీయే. కానీ ఆ పిల్ల చేతిని గేటు మీదకి పోకుండా ఆపింది మాత్రం ఆవిడ. కందిపప్పు సలహా కాదు, ఆ గొంతు.

ఇన్నేళ్ళూ నేను లిఫ్టుకే సర్వీసు చేశాను గానీ, అందులో ఎక్కే మనుషులకి ఏమీ చెప్పలేదు. గేటు తీయవద్దని బోర్డు ఉంటుంది. చీకట్లో బోర్డు ఎవరికి కనబడుతుంది? అందుకే ఇప్పుడు ప్రతి వేసవికి ముందు, నా చేతిలో ఉన్న అపార్ట్‌మెంట్లన్నిటిలో మనుషుల్ని లిఫ్టు ఎక్కించి, కావాలనే కరెంటు మెయిన్ స్విచ్ ఆపిస్తాను. ఆ చీకటి ఎలా ఉంటుందో, ఎంతసేపు ఉంటుందో ఒకసారి తెలిస్తే భయం సగం పోతుంది.

మొదటిసారి ఆ అపార్ట్‌మెంటులోనే పెట్టాను. రమ్మంటే సెక్రటరీ గారికి మోకాళ్ళ నొప్పులు గుర్తొచ్చాయి. మిగతావాళ్ళు ఒకరి వెనక ఒకరు నక్కారు. షాహీన్ పాపని లక్ష్మీకుమారి గారి చేతిలో పెట్టి, వచ్చి నా పక్కన నిలబడింది. రెండు అంతస్తులు దాటాక వాచ్‌మన్ మెయిన్ ఆపాడు. చీకటైంది. ఆమె ఊపిరి వేగంగా తీసుకోవడం నాకు వినబడింది. బయట జనం కంగారుగా తలుపు మీద కొట్టడం మొదలుపెట్టారు.

"ఎవరూ ఏం చెయ్యకండి," అంది షాహీన్ గట్టిగా. "అక్కడే ఉండి మాట్లాడుతూ ఉండండి, చాలు."

బయట చప్పుడు ఆగింది. తర్వాత అందరూ ఒకేసారి మాట్లాడటం మొదలుపెట్టారు.