వాగు దారికి అడ్డంగా కందకం

మా ఊరు ఏన్కూరు దాటాక, అడవి మొదలయ్యే చోట ఉంటుంది. నేను అక్కడ అంగన్‌వాడీ టీచర్‌ని. ఆ ఏడు వానలు తగ్గిన కొద్ది రోజులకే మా సెంటర్‌కు వచ్చే పిల్లల్లో సగం మంది విరేచనాలతో పడిపోయారు. ఇద్దర్ని దవాఖానాలో చేర్చారు. అందరూ వాగు అవతలి కోయగూడెం పిల్లలే. అక్కడ బోరు ఉంది కానీ నీళ్లు తుప్పు వాసన. అందుకని వాగు ఇసుకలో చెలమ తవ్వుకుని, ఊరిన నీళ్లే తాగుతారు.

నీళ్లు పరీక్ష చేసే కిట్టు మా సెంటర్‌లోనే ఉంది. ట్రైనింగ్ ఇచ్చి మరీ పంపారు. నేనే బీరువాలో పెట్టి మర్చిపోయాను. ఆ మాట ఒప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. కిట్టు తీసి, అందులోని మందున్న చిన్న సీసాలో చెలమ నీళ్లు పట్టి మూత బిగించాను. మురికి కలిసి ఉంటే ఒకటి రెండు రోజుల్లో నల్లబడాలి. తెల్లారేసరికే తారులా అయ్యాయి.

గూడెంలో అందరూ పెద్దమ్మ అని పిలిచే ఒకామె, నేను కలిసి వాగు వెంట ఎగువకు నడిచాం. కొంత దూరం పోయేసరికి ముక్కు మూసుకోవాల్సి వచ్చింది. ఒడ్డు మీద టైర్ల గుర్తులు. కింద రాళ్లకు పట్టిన మడ్డి. టౌన్లో సెప్టిక్ ట్యాంకులు తోడే ట్యాంకర్ ఇక్కడికొచ్చి పైపు వదిలేస్తోంది.

మా వైపు ఆ పని చేసే బండి ఒక్కటే. అది మా మేనత్త కొడుకుది.

ఆ సాయంత్రమే వాళ్లింటికి వెళ్లాను. బావ వాకిట్లో కూర్చుని ఫోన్ చూస్తున్నాడు.

"బావా, వాగుల ఎందుకు పారబోస్తున్నవ్? కింద పిల్లలు తాగే నీళ్లు అయి."

"పారే నీళ్లే గదా, కొట్టుకపోతయి. నీకు జీతమొస్తది. నా పొట్ట మీద కొడ్తవా?"

"పిల్లలు దవాఖానల ఉన్నరు."

"గూడెపోళ్లకు రోగాలు కొత్తనా? నువ్వు ఇంటోళ్ల దిక్కా, వాళ్ల దిక్కా?"

"ఆ పిల్లల దిక్కు," అన్నాను.

అత్త తెచ్చిన చాయ్ ముట్టకుండా లేచి వచ్చేశాను.

పంచాయతీలో దరఖాస్తు ఇచ్చాం. చూస్తామన్నారు. ఆ వారంలోనే ట్యాంకర్ మళ్లీ రెండుసార్లు వచ్చింది. నేను ఇల్లిల్లూ తిరిగి నీళ్లు కాచి తాగమని చెప్పడం తప్ప ఏమీ చేయలేకపోయాను. అప్పుడు మా ఊరి రైతు ఒకామె ముందుకొచ్చింది. బండి వాగులోకి దిగే బాట ఆమె చేను మీదుగానే పోతుంది.

"నా చేన్లనే తవ్వుండ్రి. నన్నెవడు అడుగుతడో చూస్త," అంది.

కందకాలు తవ్వడం మాకెవరూ నేర్పక్కర్లేదు. ఏటా ఉపాధి హామీ పనిలో చేసేదే. ఊరి ఆడవాళ్లు, గూడెం ఆడవాళ్లు కలిసి గడ్డపారలు, పారలు, తట్టలు పట్టుకుని దిగాం. పొద్దు వాలేసరికి బాటకు అడ్డంగా నడుములోతు కందకం తయారైంది.

మర్నాడు పొద్దున్నే ట్యాంకర్ వచ్చి ఆగింది. వెనకాలే బైకు మీద బావ.

"ఎవరు తవ్విండ్రు?"

"మేమే," అన్నాను.

"పూడ్చుండ్రి జల్దీ!"

ఒక్కరూ కదల్లేదు. డ్రైవర్ దిగి కందకం చూసి, "అన్నా, బండి పోదు," అన్నాడు. పెద్దమ్మ మట్టికుప్ప మీద కూర్చుని టిఫిన్ డబ్బా విప్పింది. తాపీగా ఒక ముద్ద నోట్లో పెట్టుకుని బావ వైపు చూసింది.

"బువ్వ తింటున్న. గా కంపు బండి అవతలికి తీస్కపో," అంది.

మేమంతా నవ్వాం. బావ మొహం ఎర్రబడింది. బండి వెనక్కి మళ్లింది.

దారి తవ్వేశామని అతను కేసు పెట్టాడు. స్టేషన్‌కు రమ్మన్నారు. ఇద్దర్ని రమ్మంటే రెండు ఆటోల నిండా వెళ్లాం. రైతామె పాస్‌బుక్కు టేబుల్ మీద పెట్టింది. "నా చేను సార్. నా ఇష్టమొచ్చిన కాడ తవ్వుకుంట." నేను అన్ని రోజులూ చెలమ నీళ్లు పట్టి చూసిన నల్ల సీసాలు వరసగా పెట్టాను. ఎస్సై వాటిని కాసేపు చూసి బావను ఒక్కటే అడిగాడు, వాగులో పారబోయడానికి పర్మిషన్ ఎవరిచ్చారని. బావ కాగితం అందుకున్నాడు. ఇకమీద అక్కడికి రానని రాసి సంతకం పెట్టాడు.

చెలమ నీళ్లు బాగుపడటానికి నెల పైనే పట్టింది. ఎన్నోసారో గుర్తులేదు, ఒక సీసా మూడు రోజులైనా రంగు మారకుండా ఉండిపోయింది. గూడెం అంతా తిప్పి చూపించాను.

బావ కొత్తింటి గృహప్రవేశానికి మమ్మల్ని పిలవలేదు. అమ్మ ఆ రోజంతా ఏడ్చింది.

"ఒక్క మాట తప్పయిందని చెప్పి రారాదే, చుట్టరికం నిలబడ్తది," అంది.

"తప్పు చేసింది నేను గాదమ్మా. చెప్ప," అన్నాను.

ఇప్పటికీ అడుగుతూనే ఉంటుంది. నేనూ అదే చెబుతున్నాను.