బావను చంపలేకపోయిన కథ

నాగర్‌కర్నూల్‌లో జరిగిన ఆ కథల శిబిరానికి నేను వెళ్లకుండా ఉండాల్సింది. వనపర్తిలో ఒక చిన్న రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తాను. పొద్దున సూదులు, మధ్యాహ్నం రిపోర్టులు, ఎవరూ రాని వేళల్లో కథలు. అప్పటికి రాసినవన్నీ నా దగ్గరే పడి ఉన్నాయి, ఒక్కటీ ఎక్కడా అచ్చు కాలేదు. శిబిరంలో రాసిన కథల్లో బాగున్నవి ఏరి పుస్తకం వేస్తామన్నారు. ఆశ పుట్టింది. సెలవు పెట్టి బస్సెక్కాను.

పాత్రల్ని ఎలా తయారుచేయాలో చెప్పడానికి హైదరాబాదు నుంచి ఒక సంపాదకుడు వచ్చాడు. పెద్దమనిషి. నిదానంగా మాట్లాడతాడు, ప్రతి మాటకీ ముందు కళ్లు మూసుకుంటాడు. పాత్ర అంటే గాయం అన్నాడు. గాయం లేని పాత్ర కాగితం మీద నిలబడదన్నాడు. మీకు బాగా తెలిసిన మనిషిని తీసుకోండి, ఆ మనిషికి ఎక్కడ దెబ్బ తగిలిందో వెతకండి, కథ అక్కడే ఉంటుందన్నాడు. అందరం బుద్ధిగా తలలు వంచుకుని రాసుకున్నాం. నాకు బాగా తెలిసిన మనిషి మా అక్క. ఆమె మీద అప్పటికే ఒక కథ మొదలుపెట్టి ఉన్నాను.

అక్క గద్వాలలో ఉంటుంది. కొట్టు పెట్టుకుని చీరలకు ఫాల్ కుడుతుంది, పికో చేస్తుంది, కొంగులకు కుచ్చులు అల్లుతుంది. ఊళ్లో ఎవరు పట్టుచీర కొన్నా చివరికి తన గుమ్మం తొక్కాల్సిందేనని ఆమె ధీమా. నోరు పెద్దది. తెచ్చిన దారం రంగు నచ్చకపోతే మొహం మీదే, "గీ చీరకు గా దారమా తల్లీ, కండ్లు ఇంట్ల పెట్టి వొచ్చినవా?" అంటుంది. అయినా వాళ్లు మళ్లీ ఆమె దగ్గరికే వస్తారు. స్కూటీ మీద ఊరంతా తిరుగుతుంది. ఆదివారం మటన్ లేకపోతే బావ మీద అలుగుతుంది. అద్దం కనబడితే ఆగుతుంది. బావకు ఒక బొలేరో ట్రాలీ ఉంది. పత్తిగింజలో, మిరపకాయల బస్తాలో, ఇల్లు మారేవాళ్ల సామానో, ఏదొస్తే అది వేసుకుని తిప్పుతాడు. ఆయన మాట్లాడేది తక్కువ, తినేది ఎక్కువ. ఇద్దరూ రోజూ కొట్లాడుకుంటారు, రోజూ ఒకే కంచం ముందు కూర్చుంటారు.

మా అమ్మానాన్నలది కూలి బతుకు. ఇటిక్యాల దగ్గరి మా ఊళ్లో వాన మొహం చాటేసిన ఏడల్లా మేస్త్రీ వెంట బొంబాయి పోయేవాళ్లు, మమ్మల్ని కూడా తోలుకుపోయేవాళ్లు. సిమెంటు బస్తాల పక్కన పడుకున్న రోజులు నాకు కొంచెమే గుర్తు, అక్కకు అన్నీ గుర్తు. అయినా ఆమె నోట ఆ మాట రాదు. నీ మీద కథ రాస్తున్నానని చెప్పినప్పుడు సంబరపడిపోయింది. ఒక్కటే షరతు పెట్టింది.

"రాయి. మంచిగ రాయి. గా బొంబాయి ముచ్చట మాత్రం పెట్టకు చెల్లె. పోయినం, వొచ్చినం, అయిపాయె. ఇప్పుడు నేనెట్లున్ననో గట్ల రాయి."

అలాగే రాశాను. చీర తెచ్చిన ఒక గిరాకీతో కుచ్చుల రంగు దగ్గర గొడవ, ఆ కోపంలో అక్క కొట్టు మూసేయడం, బావ ఆమెను బండెక్కించుకుని ఎర్రవల్లి చౌరస్తాకు తీసుకుపోయి బిర్యానీ తినిపించడం, తింటూ తింటూ ఆమెకు ఆ చీరకు ఏ రంగు నప్పుతుందో తట్టడం, ఎంగిలి చేత్తోనే ఆ గిరాకీకి ఫోన్ చేయడం. అంతే కథ. నాకు రాస్తున్నంతసేపూ నవ్వొచ్చింది. ఆ మనిషి కాగితం మీదికి వచ్చిందని రాసినవాళ్లకు తెలుస్తుంది. నాకు తెలిసింది.

శిబిరం రెండోరోజు చదివాను. జనం నవ్వారు. సంపాదకుడు కళ్లు మూసుకున్నాడు.

"భాష అద్భుతం అమ్మా. చాలా సహజంగా ఉంది. కానీ ఇందులో పాలమూరు ఏది?"

"గద్వాల సార్, పాలమూరే కదా" అన్నాను.

"ఊరి పేరు కాదు నేనడిగేది. కరువేది? వలసేది? మీ నేల కన్నీళ్లేవి?" అన్నాడు. తర్వాత అక్క పుట్టుపూర్వోత్తరాలు అడిగాడు. ఏదో మాటల్లో బొంబాయి సంగతి నా నోటి నుంచి జారింది. ఆయన టక్కున కళ్లు తెరిచాడు. "గాయం అక్కడుంది. తవ్వండి. ఈ భర్త పాత్ర ఏం చేస్తోంది కథలో? తింటోంది, బండి నడుపుతోంది. అతను పోతే ఆమె లేస్తుంది."

పోతే అంటే చస్తే అని. అంత మర్యాదగా మా బావ చావు గురించి ఎవరూ మాట్లాడగా నేను వినలేదు.

ఇప్పుడు తలుచుకున్నా ఒళ్లు మండుతుంది. మా దగ్గర్నుంచి వాళ్లకు కావలసింది ఏడుపే. కాలువల్లో నీళ్లు పారి వరినాట్లు పడుతున్నా సరే, మా కథ అనగానే పగుళ్లిచ్చిన నేల బొమ్మ గీయిస్తారు. మేము కడుపునిండా తిని తేన్చితే అది సాహిత్యం కాదు. ఆకలితో మా కళ్లు తిరిగితేనే వాళ్ల కళ్లు చెమరుస్తాయి, చెమర్చిన కళ్లతో వాళ్లు ఇంటికెళ్లి హాయిగా అన్నం తింటారు. కరువు లేదని నేననడం లేదు. వలస పోయేవాళ్లు ఇంకా పోతూనే ఉన్నారు, వాళ్ల కథలు రాయాల్సిందే. మా అక్క కథ అది కాదు, అంతే నేను చెప్పేది.

అయినా ఏం లాభం, అచ్చులో పేరు చూసుకోవాలని ఉంది. ముగింపు మారిస్తే పుస్తకంలో వేస్తానని ఆయన కథ కాపీ ఒకటి తన దగ్గరే పెట్టుకున్నాడు. వనపర్తికి వచ్చి మార్చడానికి కూర్చున్నాను. బావ చేత బొలేరో అమ్మించాను. రైలెక్కించాను. బొంబాయిలో దించి, కడుతున్న బిల్డింగు మీదికి ఎక్కించాను. సరిగ్గా అక్కడ చెయ్యి ఆగిపోయేది. అంత ఎత్తున నిలబడి బావ కిందికి చూసి, "పిల్లా, తిననీకె ఏమన్న తెచ్చినవా?" అని అడిగేవాడు. కాలు జారదు. తోసినా పడడు. పోనీ ముందు అక్కను ఏడిపిద్దామని ఆమె దగ్గరికి వెళ్తే, నోట్లో దారం కొస పెట్టుకుని నా వైపు చూసి, "ఏమైందని ఏడ్వాలె?" అనేది. అది రాయలేకపోయాను సరే, వేరే కథ మొదలుపెడితే అదీ కదల్లేదు. అప్పటిదాకా పిలవకుండా వచ్చే మనుషులు ఒక్కరూ రాలేదు. వాళ్లకు కూడా దెబ్బ ఎక్కడ తగిలిందో వెతుకుతానని తెలిసిపోయినట్టుంది.

రాయలేకపోతున్నానని శిబిరంలో కలిసినవాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టాను. సలహాలు వచ్చిపడ్డాయి. కోడి కూయకముందే లేవమన్నారు. నడవమన్నారు. ఫోను పక్కన పడేయమని ఫోనులోనే చెప్పారు. ఒకాయన ఎడమచేత్తో రాయమన్నాడు, మెదడు తెరుచుకుంటుందట. అది కూడా చేశాను. ఎడమచేత్తో కూడా బావ చావలేదు.

ఒకరోజు పొద్దున ల్యాబు తాళం తీయబోతే బావ మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. పల్లికాయల లోడు వేసుకుని వనపర్తి మార్కెట్‌కు వచ్చాడట.

"కాళ్లు తిమ్మిర్లు వొస్తున్నయి పిల్లా. షుగర్ సూపిచ్చుకొమ్మని మీ అక్క ఒకటే సతాయిస్తుంది."

"ఏం తినలేదు గద బావా?"

"తినలే. చాయ్ తాగిన. చాయ్ గూడ లెక్కనేనా?"

లోపల కూర్చోబెట్టి చెయ్యి చాపమన్నాను. ముందురోజు సాయంత్రమే ఆ మనిషిని బిల్డింగు అంచుకు తెచ్చి, కలం విసిరికొట్టి లేచాను. ఇప్పుడు ఆ చెయ్యి నా చేతిలో వెచ్చగా, బరువుగా ఉంది. స్టీరింగు పట్టి కాయలు కాసిన అరచెయ్యి. రోజూ చేసే పనే, అయినా నరం దొరకలేదు. రెండుచోట్ల గుచ్చాను.

"ఏంది, కొత్తగ నేర్సుకుంటున్నవా?" అని నవ్వాడు. "నేను గూడ ఉన్ననంట గద నీ కతల, మీ అక్క చెప్పింది. నన్నేం జేస్తున్నవ్ అండ్ల?"

"ఏం జేస్తలే బావా. మంచిగ తింటున్నవ్."

"గంతే చాలు" అన్నాడు, దూది ముక్క అదిమిపట్టుకుని.

షుగరు కొంచెం ఎక్కువే వచ్చింది. స్వీట్లు మానేయమని చెప్పి పంపించి, ఆ మధ్యాహ్నమే సంపాదకుడికి ఫోన్ చేశాను. ముగింపు మార్చడం నాతో కాదని చెప్పాను. వేస్తే ఉన్నది ఉన్నట్టు వేయండి, లేదంటే తీసేయండి అన్నాను. ఆయన అవతల కళ్లు మూసుకున్నాడేమో.

"కలం ఆగిపోవడం ఏ రచయితకైనా మామూలేనమ్మా. మీరు నిశ్చింతగా ఉండండి. మీ కథ పుస్తకంలో ఉంటుంది."

నమ్మాను. అక్కకు చెప్పాను. అక్క గద్వాలంతా చెప్పుకుంది. ఫాల్ కుట్టించుకునేవాళ్లకు, పాలు పోసేవాడికి, పక్కింట్లో తనకు పడని ఆవిడకు కూడా.

ఆవిష్కరణ సభ కూడా నాగర్‌కర్నూల్‌లోనే పెట్టారు. అక్కా బావా గద్వాల నుంచి బొలేరోలో వచ్చి నన్ను వనపర్తిలో ఎక్కించుకున్నారు. అక్క నెమలికంఠం రంగు గద్వాల చీర కట్టుకుంది, కుచ్చులు తనే అల్లుకుంది, జడనిండా పూలు. దారి పొడవునా అద్దం తన వైపుకు తిప్పుకుంటే, వెనక బండ్లు కనబడక బావ గొణుక్కున్నాడు. హాలు దగ్గర దిగాక ఆయన లోపలికి రానన్నాడు, సభల్లో నిద్రొస్తుందట. బండి దగ్గరే ఉండిపోయాడు. మేమిద్దరం ముందు వరసలో కూర్చున్నాం. గుమ్మంలో బొట్టు పెట్టిన ఆవిడతో అక్క అప్పటికే, "అండ్ల ఒక కత నా మీదనే" అని చెప్పేసింది.

పుస్తకాలు రంగుకాగితంలో చుట్టి వేదిక మీద ఉన్నాయి. పెద్దలు విప్పేదాకా ఎవరికీ ఇవ్వరు. విప్పారు, పైకెత్తి ఫొటోలు దిగారు, తర్వాత ఒక సమీక్షకుడు ఒక్కో కథ గురించి మాట్లాడాడు. నా కథ దగ్గరికి వచ్చేసరికి గొంతు మార్చాడు. ఈ సంకలనానికే తలమానికం అన్నాడు. చివరి వాక్యం చదువుతా వినండి అన్నాడు.

"బొంబాయిలో భర్త నేలకొరిగిన నాటి నుంచి, ఊరందరి చీరలకూ రంగురంగుల కుచ్చులు అల్లుతూ, ఆమె మాత్రం తెల్లచీరలోనే మిగిలిపోయింది."

మా ఇళ్లల్లో మొగుడు పోయినవాళ్లు ఎవరూ తెల్లచీర కట్టరు. ఆ మాత్రం కూడా కనుక్కోకుండా చంపారు. అక్క నా మోచెయ్యి పట్టుకుంది.

"ఏందే? ఎవరు సచ్చిండ్రు?"

నేను లేచి నిలబడ్డాను. "సార్, ఆ ముగింపు నాది కాదు. నేను అట్లా రాయలేదు" అని గట్టిగానే అన్నాను. మైకు నా దగ్గర లేదు. వేదిక మీద సంపాదకుడు చిరునవ్వుతో తల ఊపాడు. సభ నడిపే ఆయన, "రచయిత్రి ఉద్వేగంలో ఉన్నారు, వారిని చప్పట్లతో అభినందిద్దాం" అన్నాడు. చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్ల మధ్య నేను ఇంకోసారి అన్నది నాకే వినబడలేదు. ఆ వెంటనే ఆయన, ఈ కథలోని నిజమైన కథానాయిక మన మధ్యే ఉన్నారు, వేదిక మీదికి రావాలి అని పిలిచాడు.

అక్క వెళ్లింది. శాలువా కప్పారు. ముఖ్య అతిథి వంగి రెండు చేతులూ జోడించాడు. ఆమె మైకు తీసుకుంది.

"అందరికి నమస్తే. మా ఆయన సావలేదు సార్. మంచిగున్నడు. బయట బండి కాడ ఉన్నడు, పిలవాల్నంటే పిలుస్త" అని నవ్వింది.

ఎవరో ఒకరు చప్పట్లు మొదలుపెట్టారు, అందరూ అందుకున్నారు. కొందరు లేచి నిలబడ్డారు. నా వెనక వరసలో ఒకావిడ కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ పక్కావిడతో అంది:

"పాపం, ఇంకా నమ్మలేకపోతున్నట్టుంది."

భోజనాలకు ఆగకుండా బయటికి వచ్చేశాం. బావ బండి అద్దాలు తుడుస్తున్నాడు.

"ఏమన్నరు కత గురించి?"

"నువ్వు సచ్చిపోయినవంట. బండి తియ్యి" అంది అక్క.

బావ పగలబడి నవ్వాడు. ఎట్ల సచ్చిన, ఏం తిని సచ్చిన అని అడిగాడు. బొంబాయిల పడి సచ్చినవ్ అని ఆమె చెప్పాక నవ్వు ఆపి తాళం తిప్పాడు. జరిగిందంతా నేను వివరంగా చెప్పాను, ఫోన్లో ఆయన ఏమన్నాడో, నేను ఎట్లా నమ్మానో. అక్క అడ్డు తగల్లేదు, తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. శాలువా మడత పెట్టి కాళ్ల దగ్గర పడేసింది. వనపర్తి దగ్గరికి వచ్చాక నా వైపు తిరిగింది.

"పూలు పెట్టుకొని, బొట్టు పెట్టుకొని, నవ్వుకుంట చెప్పిన గదనే. ఇంకెట్ల చెప్పాలె?"

ఆమె నన్ను నిజంగానే అడిగింది. కథలు రాసేదాన్ని కదా, నాకు తెలిసి ఉంటుందనుకుంది. నాకు తెల్వదు అక్కా అన్నాను. ఇప్పటికీ తెలియదు. అందుకే ఒక్క ముక్కా రాయడం లేదు.